ఉతికి ఆరేసిన ఫిల్టర్

ఏ వస్తువునైనా పారేయాలంటే నాకు చేతులు రావు. మా ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా తెరిస్తే అందులో పెరుగే ఉంటుందన్న నమ్మకం లేదు, అల్లం వెల్లుల్లి ముద్ద ఉండొచ్చు, మొన్నటి చారు ఉండొచ్చు. జిప్ కవర్లు కడిగి, సింకు పక్కన గరిటెల మీద బోర్లించి ఆరబెడతాను. మా ఆయన వాటిని చూసినప్పుడల్లా నవ్వుతాడు. ఆఫీసుకి జీడిపప్పు తీసుకెళ్ళేది మాత్రం వాటిలోనే.

అందుకని హెర్న్‌డన్‌లో టౌన్‌హౌస్ కొనుక్కున్న మొదటి ఏడాది, బేస్‌మెంట్‌లో ఇంటిని వెచ్చబరిచే ఫర్నెస్ ఫిల్టర్ బయటికి లాగి చూసినప్పుడు అది నాకు చెత్తబుట్టలో వేసే వస్తువులా కనిపించలేదు. అట్ట చట్రంలో మడతలు మడతలుగా గుడ్డలాంటి కాగితం, దాని మీద మందంగా బూడిదరంగు దుమ్ము. బాత్‌టబ్‌లో సబ్బుపొడి కలిపి నానబెట్టాను. నీళ్ళు నల్లగా దిగుతుంటే ఎంతో తృప్తిగా అనిపించింది. డెక్ మీద ఎండలో బట్టల క్లిప్పులు పెట్టి వేలాడదీశాను. సాయంత్రానికి ఆరింది. చట్రం కాస్త వంకర తిరిగింది, కొన్ని మడతలు ఒకదానికొకటి అతుక్కున్నాయి, అయినా తెల్లగా ఉంది కదా అని లోపలికి తోసి తలుపు మూశాను. ఉతకొద్దని చట్రం మీద రాసే ఉంది. కొత్తవి అమ్ముకోవడానికి కంపెనీవాళ్ళు ఆడే నాటకమనుకున్నాను. పైగా తలా ఒక వంట తెచ్చుకుని తినే ఒక పాట్‌లక్‌లో ఈ చిట్కా ముగ్గురికి చెప్పాను. వాళ్ళ ఫర్నెస్‌లు ఎలా ఉన్నాయో అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో అప్పటికి నాకు బొత్తిగా తెలియదు. తెలుసుకున్నాక చాలా తేలికైన సంగతే. ఇనప బీరువాలాంటి పెట్టెలో గ్యాస్ మంట వెలుగుతుంది. బ్లోయర్ అనే పెద్ద ఫ్యాన్ ఇంట్లోని చల్లగాలిని గోడకున్న జల్లెడలోంచి లాక్కుని, వేడెక్కిన రేకుల మీదుగా తోసి, మళ్ళీ గదులకు పంపుతుంది. ఆ గాలిలోని దుమ్ము బ్లోయర్‌కి అంటకుండా ముందే ఆపేది ఫిల్టర్. అది సరిగ్గా ఆపకపోతే దుమ్మంతా వెళ్ళి బ్లోయర్ మీద కూర్చుంటుంది. గాలి తగ్గుతుంది, లోపల వేడి మితిమీరుతుంది, మంట దానంతటదే ఆరిపోతుంది. ఇంత చిన్న విషయం నేర్చుకోవడానికి నాకు ఒక చలికాలం పట్టింది, అదీ మా అత్తగారి మనసు కష్టపెట్టి.

మా అమ్మ నా పెళ్ళికి రెండేళ్ళ ముందే పోయింది. తొలి కాన్పుకి పుట్టింటివాళ్ళు రావాలంటారు, నాకు రావడానికి ఎవరూ లేరు. పాప అక్టోబరులో, మూడు వారాల ముందే పుట్టింది. అది పుట్టిన వారానికల్లా అత్తగారు రాజమండ్రి నుంచి రెండు పెట్టెలతో దిగారు. ఒక పెట్టె నిండా బాలింత సరుకులే. శొంఠి, పిప్పళ్ళు, కాయం పొడి, ఆముదం, పాత పంచెల్లో చుట్టిన ఇత్తడి ధూపం గిన్నె. వచ్చిన రోజు సాయంత్రం నన్ను పీట మీద కూర్చోబెట్టి కాళ్ళకి నూనె రాస్తూ, "మీ అమ్మ ఉంటే నీకేం చేసేదో నాకు తెలీదమ్మా. మా అమ్మ నాకు చేసింది నీకు చేస్తాను, సర్దుకో" అన్నారు. నేను తల వంచుకుని ఏడ్చాను. ఆవిడ చూడనట్టే రెండో కాలు అందుకున్నారు.

రోజూ పదింటికి పిల్లకి నీళ్ళు పోసేవారు, తరవాత నాకు. ఆపైన సాంబ్రాణి. ఇండియన్ స్టోర్‌లో కొన్న బొగ్గు బిళ్ళని స్టవ్ మీద ఎర్రగా కాల్చి, ధూపం గిన్నెలో వేసి, సాంబ్రాణి చల్లి, అట్టముక్కతో విసిరేవారు. నా జుట్టు ఆరేదాకా ఆ పొగ. పిల్లని కూడా కాసేపు ఒళ్ళో బోర్లా వేసుకుని తలకి పట్టించేవారు. హాల్లో గోడకున్న జల్లెడ పొగని లాగేసుకుంటుందని అక్కడే కూర్చునేవాళ్ళం. పొగ అలారం మొర్రోమంటోందని దానికి షవర్ క్యాప్ తొడిగాను. ఇందులో తెలివైన పని ఏదీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. కానీ ఆ అరగంట కోసం నేను పొద్దున్నుంచీ ఎదురుచూసేదాన్ని. నా తలని ఎవరైనా అలా ఒళ్ళో పెట్టుకుని చాలా ఏళ్ళయింది.

జనవరిలో ఒక బుధవారం పొద్దున ఇల్లు చల్లబడింది. థర్మోస్టాట్ డెబ్బైరెండు ఫారెన్‌హీట్ మీద పెట్టి ఉంది, ఇంట్లో మాత్రం అరవైనాలుగు. ఫర్నెస్ వెలుగుతోంది, నాలుగు నిమిషాలకి ఆరిపోతోంది, మళ్ళీ వెలుగుతోంది. మా ఆయన సోమవారం నుంచి గురువారం దాకా టెక్సస్‌లో కాపెల్‌లో క్లయింట్ దగ్గర ఉంటాడు. ఆ వారం అక్కడ మంచు పడి ఫ్లైట్లు కూడా ఆగిపోయాయి. సర్వీస్ కంపెనీకి ఫోన్ చేస్తే చలి ఎక్కువగా ఉంది, అందరివీ పాడయ్యాయి, సోమవారం దాకా కుదరదన్నారు. పిల్ల ఉన్న గదిలో రెండు చిన్న హీటర్లు పెట్టి తలుపు మూసి, నేను బేస్‌మెంట్‌లోకి దిగాను.

ఫర్నెస్‌కి చిన్న గాజు కన్ను ఉంటుంది. అందులో ఎర్ర లైటు నాలుగుసార్లు మిణుకుమని ఆగుతోంది, మళ్ళీ నాలుగుసార్లు. తలుపు మీద అంటించిన కాగితంలో దానికి అర్థం రాసి ఉంది, గాలి చాలక వేడి మితిమీరిందని. గాలి ఎందుకు చాలదని ఫోన్‌లో వెతికాను. పది కారణాలు కనిపించాయి. అందులో ఫిల్టర్ మొదటిది. కొవ్వొత్తులు, అగరొత్తుల పొగ ఎక్కడో ఏడోదో ఎనిమిదోదో. నా కళ్ళు తిన్నగా వెళ్ళి దాని మీదే ఆగాయి. ఫిల్టర్‌ని నెల కిందటే ఉతికి పెట్టాను కదా, ఇక దాని తప్పెందుకు ఉంటుంది.

నాకు ముక్కు మీద కోపం. పైగా రాత్రంతా నిద్ర లేదు. పైకి వచ్చేసరికి అత్తగారు వంటింట్లో బొగ్గు బిళ్ళ కాలుస్తున్నారు.

"అత్తయ్యా, ఇంక అది ఆపండి. మీ పొగ వల్లే ఫర్నెస్ పాడైపోయింది. రోజూ ఇంతింత పొగ లోపలికి పోతే ఇనప మిషన్‌కే ఊపిరాడట్లేదు, ఇంక" అని, అక్కడ ఆపాను. ఆపినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఆవిడ పట్టకారుతో బొగ్గు బిళ్ళని తీసి సింకులో నీళ్ళ కింద పెట్టారు. అది చుయ్యిమంది. గిన్నె తోమి, తుడిచి, తన పెట్టెలో పెట్టుకున్నారు.

ఆ రోజు నుంచి ఆవిడ మారిపోయారు. వంట చేసేవారు, నాకు పథ్యం పెట్టేవారు, మాట మాత్రం అవసరానికే. పిల్ల ఏడిస్తే "అమ్మాయ్, ఏడుస్తోంది" అని పిలిచేవారే తప్ప ఎత్తుకునేవారు కాదు. అంతకుముందు పిల్ల ఆవిడ భుజం దిగితే గొప్ప. నీళ్ళు కూడా నన్నే పోయమన్నారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చీరలు మార్చి, విప్పినవి వెంటనే వాషింగ్ మెషిన్‌లో వేసేవారు. అలిగారు అనుకున్నాను. అలిగితే అలగనీ, రెండు రోజుల్లో సర్దుకుంటారులే అని కూడా అనుకున్నాను. నోరు జారినవాళ్ళు అలాగే అనుకుంటారు.

గురువారం సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. "ఏం జరిగింది? అమ్మ టికెట్ ప్రీపోన్ చేయమంటోంది. ఏప్రిల్ దాకా వద్దట, వచ్చే వారమే వెళ్ళిపోతుందట. ఎందుకంటే చెప్పట్లేదు."

"నేనే ఏదో అన్నాను" అన్నాను.

"ఏమన్నావ్?"

చెప్పాను. "నేను వచ్చేదాకా బుక్ చేయనులే. నువ్వు మాట్లాడు" అన్నాడు.

ఫోన్ పెట్టాక నన్ను రెండు భయాలు పట్టుకున్నాయి. మార్చిలో నా సెలవు అయిపోతుంది, ఆవిడ లేకపోతే ఎలా అన్నది ఒక భయం. అది చిన్న భయం. డేకేర్‌లు ఉన్నాయి, ఎలాగో ఒకలా గడుస్తుంది. అసలు భయం వేరు. ఆవిడ అలా వెళ్ళిపోతే, నాకు రెండోసారి దొరికిన అమ్మని నా నోటితో నేనే పంపించినట్టు. సారీ చెబుదామని రెండుసార్లు ఆవిడ గది దాకా వెళ్ళాను. పొగ వల్లే అని అప్పటికీ నమ్ముతున్నాను కాబట్టి, ఆ సారీ నాకే అబద్ధంలా వినిపించి వెనక్కి వచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నం, స్నేహితురాలి ద్వారా ఒక అమ్మాయి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, ఇరవైనాలుగేళ్ళుంటాయి. కంప్యూటర్ సైన్స్ రెండేళ్ళు చదివి మానేసి, ఫర్నెస్‌లు, ఏసీలు రిపేర్ చేసే పని నేర్చుకుంది. వాళ్ళమ్మ పార్టీల్లో "మా అమ్మాయి ఎనర్జీ ఫీల్డ్‌లో ఉంది" అని చెబుతుందట. ఆ సంగతి ఆ పిల్లే నవ్వుతూ చెప్పింది. ఆ రోజు తనకి సెలవు. చిన్నపిల్ల ఉన్న ఇల్లని విని, ఎవరూ బతిమాలకుండానే వచ్చింది. నన్ను గుమ్మంలోనే "హాయ్ ఆంటీ" అంది. నాకు ముప్ఫైమూడేళ్ళు. ఇంకో రోజైతే ఆ మాటకి మండిపోయేదాన్ని. ఆ రోజు దేవతలా కనిపించింది.

లోపలికి వస్తూనే పైకి చూసి, "ఆ క్యాప్ ఏంటి ఆంటీ? తీసేయండి. ఫైర్ అయితే ఎలా తెలుస్తది?" అంది. కుర్చీ వేసుకుని తీశాను.

పిల్లని దుప్పటిలో చుట్టి, బుట్టతో సహా కిందికి తెచ్చి, పైనుంచి తెచ్చిన హీటరుకి కొంచెం దూరంలో పెట్టుకున్నాను. ఆ అమ్మాయి మొదట ఫర్నెస్ కరెంటు స్విచ్ ఆపింది, గ్యాస్ కట్టేసింది. తలుపు తీసి, ఫిల్టర్ బయటికి లాగి, వెలుతురులో అటూ ఇటూ తిప్పింది.

"ఇది ఎవరు వాష్ చేశారు?"

"నేనే."

"ఎన్నిసార్లు?"

"గుర్తులేదు. ఇక్కడికి వచ్చినప్పటినుంచీ."

తను గట్టిగా నవ్వబోయి, మెట్ల మీద అత్తగారిని చూసి ఆపుకుంది. "ఆంటీ, ఇది పేపర్. వాష్ చేస్తే షేప్ పోతది. చూడండి, సైడ్‌లో ఎంత గ్యాప్ ఉందో. మధ్యలో గాలి పోదు, గ్యాప్‌లో నుంచి డస్ట్ అంతా లోపలికి పోతది."

తరవాత వైర్లు విప్పే ముందు నన్ను ఫోటో తీయమంది, ఏది ఎక్కడ పెట్టాలో మరిచిపోకుండా. రెండు బోల్టులు విప్పి బ్లోయర్‌ని మొత్తం సొరుగు లాగినట్టు బయటికి లాగింది. పంజరంలాంటి గుండ్రటి చక్రం. చుట్టూ సన్నటి రేకులు, ఒక్కో రేకు చిన్న గరిటెలా వంగి ఉంటుంది. ఆ వంపులోనే గాలిని పట్టి తోస్తుందట. మా చక్రానికి వంపులే లేవు. ప్రతి రేకూ దుమ్ముతో నిండి చదునుగా అయిపోయింది.

"పాత టూత్‌బ్రష్ ఉందా?" అని అడిగింది. నేను లేచేలోపు అత్తగారు తెచ్చారు. మూడు తెచ్చారు. ఆ అమ్మాయి పక్కన చిన్న స్టూల్ వేసుకుని కూర్చుని, చీర కొంగు నడుముకి దోపుకుని, ఒక్కో రేకూ తోమడం మొదలుపెట్టారు.

"అమ్మమ్మా, మీరెందుకు, నేను చేస్తా" అంది ఆ అమ్మాయి.

"చెయ్యనీ అమ్మా. నా పొగే కదా" అన్నారు ఆవిడ. నావైపు చూడలేదు.

ఆ అమ్మాయి ఒకసారి నన్నూ, ఒకసారి ఆవిడనీ చూసింది. "స్మోక్ వల్ల కూడా అవుతది, ఫిల్టర్ వల్ల కూడా అవుతది. మీ ఇంట్లో రెండూ ఉన్నాయి" అని, వాక్యూమ్ గొట్టం అందుకుంది. గొడవల్లో తలదూర్చని పిల్ల.

నేనూ ఒక బ్రష్ తీసుకున్నాను. దుమ్ము పైపైన బూడిదరంగులో ఉంది. లోపలికి పోయేకొద్దీ రంగు మారింది. నాలుగో రేకో ఐదో రేకో తోముతుంటే అడుగున ఎర్రటి నూగు కనిపించింది. ముదురు ఎరుపు, దూదిలా గట్టిపడి ఉంది. తరవాతి రేకులోనూ అదే, ఆ తరవాతిదానిలోనూ అదే. నా చెయ్యి ఆగిపోయింది.

ఆ ఎరుపు నాకు తెలుసు. ఇల్లు కొన్న కొత్తలో హాల్లోకి ఒక తివాచీ కొన్నాం. ఎంత ఊడ్చినా నూగు రాలుతూనే ఉండేది. విసుగెత్తి ఏడాదికల్లా వదిలించుకున్నాం. నా చేత్తో నేను పారేసిన వస్తువులు లెక్కపెడితే అది ఒకటి. అత్తగారు ఆ తివాచీని చూడనేలేదు. అంటే ఆవిడ ఈ ఇంట్లో అడుగుపెట్టకముందే, ధూపం గిన్నె రాజమండ్రిలో అటక మీద ఉన్నప్పుడే, ఈ చక్రం సగానికి సగం పూడుకుపోయింది. నేను ఫిల్టర్ ఉతికి, ఆరేసి, మురిసిపోయిన ప్రతిసారీ ఇంకాస్త పూడింది.

ఈ సంగతి ఆ బేస్‌మెంట్‌లో నాకు ఒక్కదానికే తెలుసు. నేను నోరు విప్పకపోతే తప్పు సగం పొగది, సగం ఫిల్టర్‌ది అని సరిపోతుంది. నిజం చెప్పాలి కదా, సరిపెట్టేద్దామనే అనిపించింది. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా తోమాను. పక్కన ఆవిడ తోటకూర ఏరినంత ఓపిగ్గా ఒక్కో రేకూ తిప్పి చూసుకుంటూ, చేయని తప్పుని బ్రష్‌తో రాసి రాసి వదిలిస్తున్నారు.

చక్రం శుభ్రపడింది. వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. ఆ అమ్మాయి దాన్ని లోపలికి తోసి, బోల్టులు బిగించి, ఫోటో చూసుకుని వైర్లు పెట్టింది. తన వ్యాన్‌లోంచి కొత్త ఫిల్టర్ తెచ్చి, బాణం గుర్తు ఫర్నెస్ వైపు ఉండాలని నాకు చూపించి పెట్టింది. గ్యాస్ తిప్పి, స్విచ్ వేసింది. లోపల నీలం మంట వరుసగా అంటుకుంది. గాలి మాత్రం రాలేదు.

"వన్ మినిట్. లోపల వేడి అయ్యాక బ్లోయర్ స్టార్ట్ అవుతది" అంది.

ముగ్గురం నిలబడ్డాం. ఆ నిమిషంలో చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పనని నాకు అర్థమైంది.

"అత్తయ్యా, అది మీ పొగ కాదు. అడుగున ఎర్రటి నూగు ఉంది చూశారా, అది మా పాత తివాచీది. మీరు రాకముందే దాన్ని తీసేశాం. ఇదంతా నేను ఫిల్టర్ ఉతకడం వల్ల జరిగింది. తప్పు నాది. మిమ్మల్ని అనకూడని మాట అన్నాను."

ఆవిడ మంట వైపే చూస్తూ, "నన్ను ఉంచుకోడానికి అంటున్నావా?" అన్నారు.

"నిజం అత్తయ్యా."

ఆవిడ ఆ అమ్మాయి వైపు తిరిగారు. "నిజమేనా తల్లీ?"

"నిజమే అమ్మమ్మా. స్మోక్ అయితే బ్లాక్‌గా, జిడ్డుగా ఉంటది. ఇది కార్పెట్."

అత్తగారు మెట్టు మీద కూర్చున్నారు. "ఆ రోజు నువ్వు మాట సగంలో ఆపేశావు. మిగతా సగం నేను అనుకున్నానమ్మా" అన్నారు. "ఇనప మిషన్‌కే ఊపిరాడకపోతే, మూడు నెల్ల పిల్ల గుండెల్లో ఎంత మసి పట్టుంటుందో అని. నా చేతుల్తో నేనే పట్టాను కదా అని. ఎత్తుకుందామంటే భయమేసింది. చీరల్లోంచి ఎంత ఉతికినా వాసన పోవట్లేదు. నేనిక్కడ లేకపోతేనే దానికి మంచిదనుకున్నాను."

మూడు రోజులు నేను ఆవిడది అలక అనుకున్నాను. ఆ మూడు రోజులూ ఆవిడ భయంతో పిల్లకి దూరంగా నిలబడి, దాని ఊపిరి చప్పుడు వింటున్నారు. అప్పుడే బ్లోయర్ తిరిగింది. మెత్తటి చప్పుడుతో వెచ్చటి గాలి మా కాళ్ళ మీదికి వచ్చింది. నేను వెళ్ళి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. పిల్లని ఇవ్వబోతే మాత్రం వద్దన్నారు. "డాక్టరు చూశాకే" అన్నారు.

సోమవారం పిల్లల డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. పొగ సంగతి దాచకుండా అంతా చెప్పాను. డాక్టరమ్మ పిల్ల వీపు మీద, ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి నెమ్మదిగా విని, ఊపిరి శుభ్రంగా ఉందన్నారు. పసిపిల్లల దగ్గర మాత్రం ఇకమీద ఏ పొగా వద్దని గట్టిగా చెప్పారు. తెలుగులో చెప్పాను. అత్తగారు తల ఊపి, "ఇంకోసారి చూడమను" అన్నారు.

డాక్టరమ్మకి ఆ మాట తెలుగులోనే అర్థమైనట్టుంది. మళ్ళీ పిల్ల వీపు మీద స్టెతస్కోప్ ఆనించి, ఈసారి తన చెవుల్లోని కొసలు తీసి అత్తగారి చెవుల్లో పెట్టారు. ఆవిడ కళ్ళు మూసుకుని, మేమున్నామన్న ధ్యాస లేకుండా చాలాసేపు విన్నారు. తరవాత అవి తీసి డాక్టరమ్మ చేతికిచ్చి, నావైపు రెండు చేతులూ చాచారు.

"ఇలా తే దాన్ని. టికెట్ మార్చొద్దని వాడికి ఫోన్ చెయ్యి."